విప్పే చేతిని తలచి

ముడి గురించి ఎవరు చెప్పినా బిగువు గురించే చెబుతారు. గట్టిగా లాగు, ఇంకో చుట్టు వెయ్యి, ఊడిపోకుండా చూడు అంటారు. నా దృష్టిలో అది సగం పాఠమే. ముడి వేసే మనిషి ఒకరు, విప్పే మనిషి ఇంకొకరు. వేసేటప్పుడు తీరిక ఉంటుంది, వెలుతురు ఉంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. విప్పేటప్పుడు ఇవేవీ ఉండకపోవచ్చు. చీకట్లో, వానలో, చంకన పసిబిడ్డని పెట్టుకుని ఒంటిచేత్తో విప్పాల్సి రావచ్చు. ఆ విప్పే మనిషిని ముందుగానే తలచుకుని వేసిందే మంచి ముడి అని నేను నమ్ముతాను. కోనసీమలో తాటిపాక చుట్టుపక్కల బతికేవాళ్లకి ఇలా నమ్మడానికి కారణాలు తక్కువేం లేవు.

మా నేలకి నీళ్ల భయం ఉంది, నిప్పు భయమూ ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు పారింది. లంకల్లో మిగిలిందేమిటో ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. 2022 జులైలో నది మళ్లీ 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకల్ని ముంచింది. ఇక నిప్పు సంగతి. తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ 2001 నుంచి నడుస్తోంది. దానికి ముందే, 1995 జనవరి 8న, పక్కనున్న పాశర్లపూడి బావి బద్దలై 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే కాలిపోయారు. ఇళ్లూ, కొబ్బరిచెట్లూ బూడిదయ్యాయి. ఇలాంటి చోట పాకలో కట్టేసిన గేదెని ఒక్క లాగుతో వదలగలమా లేదా అన్నది చిన్న విషయం కాదు.

అందుకే ముందు పలుపు గురించి చెబుతాను. గుంజకి పశువుని కట్టేటప్పుడు చాలామంది ముడి మీద ముడి వేస్తారు. పశువు రాత్రంతా గుంజుకుంటుంది. మంచో వానో పడి తాడు తడుస్తుంది. తెల్లారేసరికి అది పీటముడి అయి కూచుంటుంది. విప్పడానికి గోళ్లు చాలవు, కొడవలి కావాలి. ఏటిగట్టు మీదికి నీళ్లు వస్తున్న రాత్రి కొడవలి ఎక్కడుందో ఎవరు వెతుకుతారు? అక్కడ వెయ్యాల్సింది జారుముడి. పెద్దవాళ్లు దూముడి అనేది దాన్నే. తాడు కొసని గుంజ చుట్టూ తిప్పి తేవాలి. పశువు వైపు వెళ్లే తాడు మీదుగా ఆ కొసని దాటించి, దాని చుట్టూ ఒక మలుపు చెయ్యాలి. అక్కడ కొసని కొసలాగే దూర్చకూడదు. జానెడు వెనక్కి మడిచి, ఆ మడతని మలుపులోంచి లాగి బిగించాలి. పశువు ఎంత గుంజుకున్నా ముడి బిగుస్తుందే తప్ప వదలదు. మనం వేలాడే కొస పట్టుకుని ఒక్కసారి లాగితే మొత్తం ఊడివస్తుంది. కొన్ని గేదెలు ఆ కొసని నోటితో పట్టి లాగడం నేర్చుకుంటాయి. అలాంటి వాటి దగ్గర కొసని మడతలోంచి ఒకసారి దూర్చి వదలాలి. విప్పేటప్పుడు ముందు కొసని బయటికి తీసి ఆ తరువాత లాగాలి.

గుంజకి వేసిన ముడిని మెడకి మాత్రం ఎప్పుడూ వెయ్యకూడదు. జారే ముడి మెడకి ఉరి అవుతుంది. మెడ చుట్టూ వేసేది బిగుసుకోని చుట్టు కావాలి. మెడ చుట్టూ తిరిగి ఇంకా మూరెడు మిగిలేంత తాడు కొస దగ్గర వదలండి. అక్కడ పొడుగు తాడు మీద చిన్న చుట్ట చెయ్యండి, కొసవైపు తాడు పైకి వచ్చేలా. కొసని మెడ చుట్టూ తిప్పి తెచ్చి, ఆ చుట్టలోంచి అడుగునుంచి పైకి తియ్యండి. పొడుగు తాడు వెనకనుంచి తిప్పి, మళ్లీ అదే చుట్టలోంచి కిందికి దించండి. దించిన కొసని పట్టుకుని పొడుగు తాడుని ఎదురు లాగితే ముడి కూచుంటుంది. ఎంత బరువు పడినా మెడ చుట్టూ ఉన్న చుట్టు చిన్నదవదు. పని అయ్యాక, పొడుగు తాడు వెనకున్న మలుపుని బొటనవేలితో ముందుకి తోస్తే, ఎంత బిగిసినా వదులవుతుంది. ఓడల మీద పనిచేసేవాళ్లు వందల ఏళ్లుగా నమ్ముకున్న ముడి ఇది. నూతిలో పడ్డ మనిషికి తాడు అందించేటప్పుడు చంకల కింద నుంచి వచ్చేలా వేసేదీ ఇదే. కాలవలూ చెరువులూ నూతులూ ఇన్ని ఉన్న కోనసీమలో పదేళ్లు దాటిన ప్రతి బిడ్డకీ ఈ ఒక్క ముడి వచ్చి ఉండాలి. ఈత ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

ఇక్కడ తాడు గురించి ఒక మాట చెప్పకపోతే పాఠం తప్పుదారి పడుతుంది. మన పెద్దల ముళ్లన్నీ కొబ్బరిపీచు తాడుకీ, నారకీ పుట్టినవి. పీచుతాడు గరుకు. తాడుని తాడే పట్టుకుంటుంది, ముడికి సగం బలం ఆ గరుకే. తాటినారని నానబెట్టి పచ్చిగా ఉండగానే తడిక కడితే, ఆరాక అదే బిగుసుకుంటుంది. పువ్వులు కట్టే అరటినారని తడపకుండా ఎవరూ పట్టుకోరు. ఈ సంగతులు ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు. ఇప్పుడు కొట్లో దొరికే నీలం, పచ్చ తాళ్లన్నిటినీ నైలాను తాళ్లనే పిలుస్తాం గాని, వాటిలో చాలావరకు పాలీప్రొపిలీన్‌వి. నున్నగా ఉంటాయి, నీళ్లలో తేలతాయి, చవక. కాని పీచుతాడు మీద నిలిచిన ముడి వీటి మీద జారుతుంది. ఎండకి కూడా ఇవి పెళుసుబారతాయి. అందుకని ఇలాంటి తాడుతో కట్టేటప్పుడు కొస పొడుగ్గా వదలాలి, ముడి తరువాత ఇంకో సగం ముడి వేసి ఆపాలి. ఎండలో ఏడాది పాటు పడి ఉన్న తాడుకి మనిషి బరువు అప్పగించకూడదు.

మూటకీ, గాయం మీది కట్టుకీ వేసే మామూలు రెండు పోగుల ముడిలోనూ మంచిదీ చెడ్డదీ ఉన్నాయి. ఎడమ కొసని కుడి కొస మీద వేసి మొదటి ముడి వేస్తాం. రెండోసారి కుడి కొసని ఎడమ కొస మీద వెయ్యాలి. మళ్లీ ఎడమనే కుడి మీద వేస్తే ముడి వంకర తిరుగుతుంది, జారుతుంది, లేదంటే చిక్కుపడి బిగుస్తుంది. సరిగ్గా పడిందో లేదో చూస్తే తెలుస్తుంది: కొసలు రెండూ తాడు వెంబడే సాఫీగా పడుకోవాలి, అడ్డంగా నిలబడకూడదు. చూడటానికి ఇంత దగ్గరగా ఉన్న రెండు ముళ్లలో ఒకటెందుకు నిలుస్తుంది, ఒకటెందుకు జారుతుంది అన్న ప్రశ్నకి అమెరికాలో ఎంఐటీ శాస్త్రవేత్తలు 2020లో జవాబు వెతికారు. లాగినకొద్దీ రంగు మారే పోగులతో ముళ్లు వేసి, బరువు ఎక్కడ పడుతోందో కళ్లతో చూశారు. పక్కపక్కనున్న పోగులు ఒకదాన్నొకటి ఎదురుగా మెలితిప్పుకుంటూ, ఎదురెదురుగా ఒరుసుకునే ముడే నిలుస్తుందని లెక్కకట్టారు. మన అమ్మమ్మలు పాత చీర చింపి వేసిన కట్టులో ఈ లెక్క అంతా ఉంది. ఇంకో సంగతి. సరిగ్గా పడిన ఈ ముడిలో ఒక కొసని పట్టుకుని వెనక్కి తిప్పి లాగితే, రెండో పోగు మీది నుంచి ముడి జారి వచ్చేస్తుంది. పుండు మీది కట్టుని నొప్పి లేకుండా విప్పడానికి అంతకన్నా సుఖమైన దారి లేదు. కాని రెండు తాళ్లని కలిపి మనిషినో బరువునో వేలాడదియ్యడానికి ఈ ముడి పనికిరాదు.

విప్పడానికీ ఒక వేళ ఉందని మన ఆచారాలకి తెలుసు. పెళ్లిలో కంకణం కట్టడానికి మంత్రముంది, విప్పడానికీ తంతు ఉంది. కనుమనాడు జగ్గన్నతోటకి వెళ్లే ప్రభలు చూడండి. వెదురుబద్దలూ, తాళ్లూ, రంగుబట్టలూ కట్టి నిలబెట్టిన అంత ఎత్తు ప్రభని భుజాల మీద మోస్తూ, వరిచేలు తొక్కుకుంటూ, కౌశిక కాలవలోకి దిగి అవతలి గట్టెక్కుతారు. 2023 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్రం ఢిల్లీలో చూపించిన శకటం ఈ ప్రభల తీర్థమే. వెదురుకి మేకు కొడితే చీలుతుంది. తాడు కట్టు అయితే మోసేవాళ్ల అడుగుతో పాటు కొంచెం ఊగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. పండగ అయ్యాక ఆ కట్లు విప్పి వెదురు దాచుకోవచ్చు. నీళ్లలో తడిసి, వందలమంది చేతుల్లో ఊగి వచ్చిన కట్టుని కోసెయ్యకుండా విప్పగలిగేలా కట్టడం పెద్ద విద్య. దానికి పట్టా ఇచ్చే బడి లేదు.

టై గురించి కూడా రెండు ముక్కలు, ఎందుకంటే మా ఊళ్లలో ఇప్పుడు తాడు పట్టని పిల్లలున్నారు గాని టై కట్టని పిల్లలు లేరు. బళ్లో వేసుకునేది ఎలాస్టిక్ టై. కాలేజీ అయ్యి ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లే రోజున అసలు టై చేతికొస్తుంది. వెడల్పు కొస సన్న కొస కన్నా ఎక్కువ కిందికి వేలాడేలా మెడలో వేసుకోండి. వెడల్పు కొసని సన్నదాని మీదుగా దాటించి, వెనకనుంచి తిప్పి, మళ్లీ ముందునుంచి దాటించండి. గొంతు దగ్గర చుట్టులోంచి పైకి తీసి, ముందున్న మలుపులోంచి కిందికి దించండి. సన్న కొస పట్టుకుని ముడిని పైకి జరపండి. అంతే. కేంబ్రిడ్జిలో ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు, థామస్ ఫింక్, యోంగ్ మావో, 1999లో లెక్కవేసి మామూలు టైకి 85 రకాల ముళ్లు సాధ్యమన్నారు. ఒక్కటి వస్తే చాలు. విప్పేటప్పుడు సన్న కొసని ముడిలోంచి బలంగా ఈడ్చెయ్యకండి, వేసిన దారినే వెనక్కి రండి, బట్ట నలగదు. చిన్నపిల్లలకి ఎలాస్టిక్ టైయే మంచిదని నా అభిప్రాయం. బ్రిటన్‌లో పోలీసులకి కూడా లాగితే చేతిలోకి ఊడివచ్చే టై ఇస్తారు, ఎవరైనా పట్టుకుని మెడ బిగించకుండా. విప్పే మనిషి శత్రువు కావచ్చని కూడా ఆలోచించి కట్టిన టై అది.

ఇప్పటిదాకా చెప్పిన ముళ్లు ఏదో ఒకదాన్ని పట్టి ఉంచేవి. అద్దకానికి వేసే ముడి తీరు వేరు. అది వేసేదే విప్పడం కోసం. కట్టిన చోటికి రంగు చేరదు. విప్పితే గాని ఏం కట్టామో కంటికి కనపడదు. ఇంట్లో చెయ్యాలనుకునేవాళ్లు నూలుబట్ట తీసుకోండి, సిల్కులా మెరిసే పాలిస్టరు వద్దు. బట్టని వేన్నీళ్లలో సబ్బుతో ఉతికి గంజి పూర్తిగా వదలగొట్టాలి. గంజి మిగిలితే రంగు మచ్చలుగా పడుతుంది. బియ్యపుగింజో, పెసరగింజో బట్ట అడుగున పెట్టి, పైనుంచి చిటికెడు బట్ట పట్టుకుని గట్టి నూలుదారంతో దగ్గరదగ్గరగా చుట్టండి. దారం చివర ముడి మీద ముడి వద్దు, అక్కడా దూముడే వెయ్యండి. లేకపోతే విప్పేటప్పుడు కత్తెర పెట్టాలి, కత్తెర బట్టని కోస్తుంది. కట్టిన బట్టని మామూలు నీళ్లలో ముంచి పిండి, ఆ తరువాతే రంగులో వెయ్యాలి. తడిసిన పోగు మధ్యకి రంగు అంత త్వరగా పాకదు. రెండు రంగులు కావాలంటే లేతది ముందు, ముదురుది తరువాత. పసుపులో ముంచి తీసి, పసుపుగా ఉండాల్సిన చోట మళ్లీ కట్టి, అప్పుడు ఎరుపులో ముంచాలి. చల్లనీళ్లతో పనిచేసే రియాక్టివ్ రంగులకి ఉప్పూ, చాకలి సోడా కావాలి. పొట్లం మీద రాసిన కొలతలే పాటించండి. చేతులకి తొడుగులు వేసుకోండి, వంటగిన్నెలు వాడకండి. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, నీడన ఆరేశాకే విప్పండి. తడిమీద విప్పితే ముదురు రంగు తెల్ల చుక్కలోకి దిగిపోతుంది. పిల్లలతో చేసేటప్పుడు ఆరేదాకా ఆగడమే అన్నిటికన్నా కష్టమైన మెట్టు. ఆ మెట్టు దగ్గర వాళ్లని తొందరపడనివ్వకుండా కూచోబెట్టిన టీచరమ్మలంటే నాకు గౌరవం.

ఇదే విద్యని నేతలోకి తీసుకెళ్లినవాళ్లు పోచంపల్లి, పుట్టపాక, చీరాల నేతగాళ్లు. వాళ్లు బట్ట మీద కట్టరు, నెయ్యని పోగుల మీదే కడతారు. చీరలో ఎక్కడ ఏ పువ్వు రావాలో లెక్కవేసి, పోగుల్ని కట్టలుగా పట్టి, కొలిచిన చోటల్లా సైకిలు ట్యూబు కోసిన సన్న పట్టీలతో బిగించి రంగులో ముంచుతారు. ఆరాక కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తవి కట్టి, ఇంకో రంగు. అన్నీ విప్పి మగ్గం మీద నేశాక గాని పువ్వు తేలదు. ఈ నేతనే ఇక్కత్ అంటారు. తేలియా రుమాలుకైతే నూలుని ముందుగా నూనెలోనూ బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టేవారు. చీరాల నుంచి ఆ ఎర్ర రుమాళ్లు అరబ్బు దేశాలకి వెళ్లేవి. పుట్టపాక తేలియా రుమాలుకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోగుని చిలకల చుట్టూ తిప్పే ఆసు పనికి చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టాడు. అమ్మ భుజం నొప్పితో పడే బాధ చూడలేక మొదలుపెట్టిన పని అది, ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం పోగులు తిప్పే బాధనే తీర్చింది. కట్టడం, విప్పడం ఇంకా మనిషి వేళ్లదే. అచ్చు వేసిన నకిలీ ఇక్కత్ చీర బజారులో సగం ధరకి దొరుకుతుంది. తేడా తెలుసుకోవాలంటే పువ్వు అంచు చూడండి. అసలుదానిలో అంచు కొంచెం మసకగా పాకి ఉంటుంది, బట్టకి రెండు వైపులా రంగు ఒక్కలాగే ఉంటుంది. ఆ మసక అంచు తప్పు కాదు, అక్కడ ఒక ముడి ఉండి విప్పబడిందనడానికి సాక్ష్యం. ధర ఎక్కువైనా దానికే ఇవ్వాలి.

చివరికి కొబ్బరితోటలోకి వస్తాను, ఎందుకంటే మా ప్రాంతంలో ముడి మీద ప్రాణం పెట్టి బతికేవాళ్లు కాయలు దించే దింపు కార్మికులు. 60, 70 అడుగుల చెట్టుని కాళ్లకి తాడు బందం వేసుకుని ఎక్కుతారు. నేలమీద ఉండగానే బందాన్ని రెండు చేతులా సాగదీసి, ముడి దగ్గర వేలితో తడిమి, పాదాలకి తొడిగి తొక్కి చూసుకుంటారు. ఈ ముడి విడిపోవాల్సింది నేలమీద, వాళ్ల చేతుల్లోనే. అంతకుముందు ఒక్క క్షణం కూడా కాదు. "ముడి ఎయ్యడం ఎవరైనా ఎయ్యొచ్చండి, అది ఎప్పుడు ఊడాలో తెలిసుండాలి" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన పిల్లలెవరూ ఈ పనిలోకి రాలేదు. రావాలని నేనూ అనను. దింపుకి మనిషి దొరకడం లేదని తోటల వాళ్లు వాపోతుంటారు. ప్రాణానికి హామీ లేని పనికి మనుషులు తగ్గడం న్యాయమే. తెలంగాణలో గీత కార్మికుల కోసం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పట్టు తప్పినా మనిషి కింద పడకుండా చెట్టుకే ఆపే పరికరం అది. కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి యంత్రంతో చెట్టెక్కడంలో శిక్షణ ఇస్తోంది. మన తోటల్లో మాత్రం ఇప్పటికీ మనిషికీ నేలకీ మధ్య ఉన్నది పాత తాడు ముక్కే, అదీ ఆ మనిషే కొనుక్కున్నది.

తోట ఉన్నవాళ్లకి నా విన్నపం ఇది. ఈసారి దింపుకి కబురు పెట్టినప్పుడు కూలితో పాటు కొత్త తాడుకి డబ్బు ఇవ్వండి. నలుగురు తోటల వాళ్లు కలిసి ఒక నడుముబెల్టు కొని ఊళ్లో ఉంచండి. కాయలు దింపడం అయ్యాక ఓ గంట ఆగమని అడిగి, మీ పిల్లల్ని కూచోబెట్టి, పలుపుకి దూముడి, మెడకి బిగుసుకోని చుట్టు నేర్పించమనండి. ఆ గంటకి కూడా కూలి లెక్క కట్టి ఇవ్వండి.